పంపు తీసెయ్యమన్నారు

జూన్ పదిహేనో తారీఖు, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. బండిలో గడియారం చూశాను కాబట్టి టైము తప్పు కాదు. ఆ టైముకి మా కోడలి ఇంటర్వ్యూ బ్యాగు నీళ్లలో ఉంది.

బండి అంటే ఆర్‌వీ. బస్సంత ఉంటుంది. లోపలే మంచాలు, పొయ్యి, సింకు, బాత్‌రూము. ఇల్లన్నాక ఒకచోట కుదురుగా ఉండాలని నా ఉద్దేశం, కానీ నన్నెవరడిగారు? పిల్లకి బడి సెలవులివ్వగానే తిరిగొద్దామని కొడుకు చలికాలంలోనే బుక్ చేశాడు. మే నెల మొదటి రోజున కోడలి ఉద్యోగం పోయింది.

ఇంట్లో ఉద్యోగం మీద నిలిచే హెచ్ వన్ వీసా కోడలిది. కొడుకు ఆవిడ వీసా మీద ఉన్నవాడు. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇద్దరూ సామాను సర్దుకోవాల్సిందే. ఆ ఆదివారానికి నలభై ఐదు రోజులు అయిపోయాయి. ఫీనిక్స్‌లో ఒక కంపెనీ మాత్రం, సోమవారం పదింటికి స్వయంగా వచ్చి కనపడమంది. బండి ఎలాగూ బుక్ అయి ఉంది, కాలిఫోర్నియాలోని మా డబ్లిన్ నుంచి ఎడారి మీదుగా అందులోనే పోదాం, పిల్లకి ట్రిప్పు కూడా అవుతుంది అన్నాడు కొడుకు.

బయల్దేరిన రోజే నేను ఒక మాట అన్నాను. "దొరక్కపోతే మన దేశం పోదాం పదండి. అక్కడ మనకి కూడు లేదా?" కోడలు చేతిలో గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టింది.

ఆదివారం ఒంటిగంట దాటాక ఎడారి మధ్యలో ఒక బంకు దగ్గర ఆగాం. చెట్టు లేదు, గొడ్డు లేదు. నేల మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. లోపలే పెరుగన్నం తిని, కంచాలు సింకులో పడేశాం. కోడలు కిందకి దిగి చెత్త పారేసి వస్తూ కిటికీలోంచి కేకేసింది. "అత్తయ్యా, పంపు తీసెయ్యండి, బయల్దేరుతున్నాం!"

మా మెట్ట ఊళ్లలో పంపంటే నీళ్లొచ్చే కొళాయి. తియ్యడమంటే తెరవడం. ఆపాలంటే కట్టెయ్యమంటాం, లైటయినా అంతే. కోడలిది గోదావరి వైపు. వాళ్లు లైటు తీసెయ్యమంటే ఆర్పమని. పైగా ఆవిడ చెప్పింది కొళాయి సంగతి కాదు. బండి అడుగున నీళ్ల తొట్టి ఉంటుంది, అందులోంచి నీళ్లు తోడే చిన్న మోటారుని వీళ్లు పంపంటారు. బండి నడిచేటప్పుడు దాన్ని ఆపాలట. కొడుకు అప్పటికే ఆపేశాడు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. నాకు అసలు మోటారుందనే తెలియదు.

కంచాలు నానడానికి కాబోలనుకుని నేను సింకులో కొళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. మా ఊళ్లో పంపు తిప్పగానే నీళ్లు రావడం నేను ఎన్నిసార్లు చూశానని! కింద బిందె పెట్టి, తిప్పి వదిలేసి, వచ్చినప్పుడే వస్తాయని వేరే పని చూసుకోవడమే నాకు అలవాటు. కంచాల మీద ఒక గిన్నె పెట్టి, సీట్లో బెల్టు పెట్టుకుని కునుకు తీశాను.

దారిలో మనవరాలు బాత్‌రూముకి వెళ్లింది. నీళ్లు రాకపోతే బయటికొచ్చి, నా సీటు పైన గోడ మీదున్న మోటారు స్విచ్చి నొక్కింది. తప్పేముంది, అలాగే నొక్కమని నేర్పారు. కొళాయి తెరుచుకునే ఉంది. గిన్నె నిండింది, కంచాలు సింకు బెజ్జానికి అడ్డం పడ్డాయి. ఏసీ మోతలో ఎవరికీ వినపడలేదు. కాళ్లకి తడి తగిలి నేను లేచేసరికి కింద పెట్టిన బ్యాగు చుట్టూ చెరువు.

"ఆపరా! బండాపు!"

బ్యాగులో ల్యాప్‌టాప్, తను చేసిన పనంతా చూపించడానికి పెట్టుకున్నది. సర్టిఫికెట్లు. నల్ల కోటు. కోడలు ల్యాప్‌టాప్‌ని తలకిందులుగా పట్టుకుంటే నీళ్లు ధారగా పడ్డాయి. ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"మీరు వద్దనుకున్నారుగా అత్తయ్యా."

"వద్దనుకుంటే నోటితో చెబుతాను. చెప్పాను కూడా. చేత్తో చెయ్యను."

"అమ్మా, ఊరుకో. అసలు కొళాయి ఎందుకు తిప్పావ్?" అన్నాడు కొడుకు.

"తియ్యమంది, తీశాను."

"నానమ్మా, తీసెయ్ అంటే ఆఫ్," అంది మనవరాలు.

"మరి డోరు తియ్యి అంటే?"

"ఓపెన్." కాసేపు ఆలోచించింది. "తెలుగు ఈజ్ నాట్ ఫెయిర్."

కోడలు కింద తడిలోనే కూర్చుండిపోయింది. అప్పుడు నేను తలెత్తి ఆ స్విచ్చి చూశాను. దాని కింద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. అరవై దాటాక నేర్చుకున్నాను, కూడబలుక్కుని చదవగలను. పంప్. పొద్దుటినుంచి నా నెత్తి మీదే ఉంది. చదవాలని తోచలేదు.

సర్టిఫికెట్లు ముందద్దం దగ్గర పరిస్తే ఎండకి గంటలో అప్పడాల్లా అయ్యాయి. ల్యాప్‌టాప్ వెలగలేదు. కోటు ఆరింది కానీ ముడతలు పోలేదు. తొట్టిలో చుక్క లేదు, తాగే సీసాల నీళ్లతోనే ఫీనిక్స్ చేరాం.

సోమవారం ఆవిడ ఆ కోటుతోనే లోపలికి వెళ్లింది. మేం ముగ్గురం పార్కింగులో కూర్చున్నాం. గంటంబావుకి వచ్చింది.

"ఏమన్నారు?" అన్నాను.

"చెబుతామన్నారు. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదన్నారు అత్తయ్యా."

గురువారం మెయిల్ వచ్చింది. తీసుకోలేదు. ల్యాప్‌టాప్ వల్ల కాదని కోడలు అంటుంది. నేను నమ్మను. అరవై రోజులు నిండేలోపు ఇంకెవరూ పిలవలేదు. చివరికి విజిటర్‌గా మార్చమని ఇద్దరూ అప్లై చేశారు, జవాబింకా రాలేదు. ఇప్పుడు ఇంట్లో ఈ దేశపు మనిషి ఇక్కడే పుట్టిన మనవరాలొక్కతే. మిగిలిన ముగ్గురం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ట్రిప్పు ఎలా జరిగిందని ఎవరడిగినా కోడలు "ఆర్‌వీలో ట్యాంక్ లీకైంది ఆంటీ" అంటోంది. నా ముందే అంటోంది, నా మొహం చూడకుండా. నా మీద మాట పడకూడదని. అలా దాచిపెట్టే మంచితనం నాకొద్దు. ఆ రోజు కోపంతో తను నన్ను అన్న ఒక్క మాటకి ఇన్నాళ్లుగా ఇలా పరిహారం చేసుకుంటోందని నాకు తెలుసు. ట్యాంక్ లీకవలేదు. కొళాయి తిప్పింది నేను. కావాలని కాదు, కానీ నేనే.

ఆ రోజు ఆ బండిలో ఉన్నవాళ్లం నలుగురం: బండి నడిపిన నా కొడుకు, ఉద్యోగం కోసం వెళ్తున్న నా కోడలు, తొమ్మిదేళ్ల నా మనవరాలు, నేను.