వెలుతురులో మజ్జిగ

బయోకెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఇంద్రాణికి రోజంతా బ్యాక్టీరియా పెంచే ఫ్లాస్కులతోనే కాపురం. దేన్నైనా గుండ్రంగా తిప్పి, లైటుకెదురుగా ఎత్తి, వాసన చూస్తేగాని ఆమెకు తోచదు. క్యాంటీన్ టీకైనా ఆ మర్యాద తప్పదు. మొన్న ఆదివారం ఢిల్లీ జనక్‌పురిలో ఉండే సుభద్రాంటీ, తన కొడుకు విష్ణుకి పిల్లని చూపిద్దామని ఇంద్రాణిని భోజనానికి పిలిచింది. చివర్లో మజ్జిగ ఇచ్చింది. ఇంద్రాణి చెయ్యి ఊరుకుంటేనా! గ్లాసుని తిప్పింది, ఎత్తింది, వాసన చూసింది.

ఆవిడ మొహం చిన్నబోయింది. “పులిసిపోయిందా అమ్మా?”

“అయ్యో, లేదాంటీ! బ్యాక్టీరియా భలే హుషారుగా ఉన్నాయి!”

అనేశాక నాలిక కరుచుకుంది. విష్ణు తన గ్లాసుని మెల్లగా తిప్పి, ట్యూబులైటుకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

“అచ్ఛా... నా గ్లాసులోవి ఎలా ఉన్నాయంటారు?”