బోర్డు మీద ఏడో మనిషి

నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టిన కుట్టుమిషన్ మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత ఎలాగూ నవ్వు రాదు.

అందరూ టీలు తీసుకున్నారా? ఆ తలుపు కాస్త దగ్గరికి వేయండి. రేపు పొద్దున నేను గాంధారి వైపు పోతున్నాను, పంచాయతీ కార్యదర్శిగా చేరడానికి. ఈ హాల్లో ఇదే నా ఆఖరి రాత్రి. అందుకే చెబుతున్నాను. మీరంతా కొత్తగా వచ్చినవాళ్లు. మన ఎల్లారెడ్డి లైబ్రరీ ఎప్పుడూ ఇలాగే ఉండేదని అనుకుంటారు. చల్లటి నీళ్ల మిషన్, కంప్యూటర్లు, అడిగిన పుస్తకాన్ని వారం తిరిగేసరికి కామారెడ్డి నుంచి మోసుకొచ్చే వ్యాను, ఆడవాళ్లు తెల్లవార్లూ కూర్చుని చదువుకునే ఈ హాలు... అన్నీ మీకు కుట్టి, ఇస్త్రీ చేసి చేతికిచ్చినట్టు దొరికాయి. మాకు అలా దొరకలేదు.

హాలు మొదలుపెట్టినప్పుడు కామారెడ్డి ఆఫీసువాళ్లు ఒక్క నెల చూద్దామన్నారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఐదు దాకా. షరతు ఒకటే. ప్రతిరాత్రి పన్నెండింటికి లోపల కనీసం ఏడుగురు ఆడవాళ్లు ఉండాలి. ఒక్క రాత్రి తగ్గినా హాలు మూసేస్తారు.

లెక్క చూడటానికి అదిగో, ఆ గుమ్మం మీద ఎర్ర అంకెల బోర్డు పెట్టారు. ఒకరు లోపలికి వస్తే అంకె ఒకటి పెరుగుతుంది. బయటికి పోతే ఒకటి తగ్గుతుంది. పన్నెండు కొట్టగానే 'టింగ్' అంటుంది. ఆ అంకె దానంతటదే కామారెడ్డి ఆఫీసుకు చేరిపోతుంది.

మా ఇల్లు ఒక్కటే గది. ఆయన మస్కట్‌లో. పగలంతా బ్లౌజులు కుట్టడం. రాత్రయితే అత్తమ్మ టీవీ, పాప అల్లరి. ఈ హాలు పోతే నా పరీక్ష పోయినట్టే. ఏడుగురి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఇరవై ఎనిమిది రాత్రులు నెట్టుకొచ్చాను. ఒకరికి తలనొప్పి అంటే మాత్ర పట్టుకుని వాళ్లింటికే పోయేదాన్ని. నా నోటికి భయపడి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఉన్నమాట ఒప్పుకుంటాను.

ఇరవై తొమ్మిదో రాత్రి...

పదకొండున్నరకు ఫోన్ మోగింది. సంధ్య. మా ఏడో మనిషి.

"రేణుకక్కా, బాబుకు జరమొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నది. నేను రాలేను అక్కా."

పిల్లవాడిని చూసుకోమన్నాను. ఫోన్ పెట్టేసి బోర్డు వైపు చూశాను. ఆరు. ఎర్రగా... కదలకుండా... ఆరు.

నస్రీన్ మొహం వాడిపోయింది. నస్రీన్ అంటే చెప్పులషాపు వాళ్లమ్మాయి, టీచర్ పోస్టుకు చదివేది. "మా అక్కను లేపుకొస్త" అంది. వాళ్లిల్లు ఊరికి ఆ చివర. ఆ వేళకు ఆటో ఎక్కడిది? బయట కుర్చీలో ఉన్న వాచ్‌మన్ సాయన్నకు మా గోల వినిపించింది. గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పరేషాన్ గాకుండ్రి బిడ్డా. నేనొచ్చి ఒక్క ఐదు నిమిషాలు లోపల కూసుంట. ఏడు అయితది. ఎవలికి తెలుస్తది?"

ఒక్క క్షణం మనసు లాగింది. అబద్ధమెందుకు. కానీ నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్లు రాత్రి చదవగలరని చూపించడానికి కూర్చున్నాం. మగమనిషిని కలిపి లెక్క సరిచేసుకుంటే ఇన్ని రాత్రులు కూర్చున్నది ఎందుకు?

"వద్దు సాయన్నా. పోతే పోనీ. దొంగలెక్క వద్దు" అన్నాను. అనేశాను గానీ... కళ్లు మళ్లీ బోర్డు వైపే పోయాయి.

పదకొండూ యాభై. కరెంటు పోయింది.

ఒక్కసారిగా చీకటి. ఫ్యాన్లు ఆగిన చప్పుడు కూడా వినిపించింది. కొత్త ఇన్వర్టర్ 'కీ' అని మొత్తుకుంది. కాసేపటికి మా బల్ల మీది లైటు ఒక్కటి వెలిగింది. బోర్డు వెలిగింది. ఆరు. హాల్లో మిగతా సగం, అంటే వీధి కిటికీ ఉన్న వైపు, చీకట్లోనే ఉండిపోయింది.

ఆరుగురం ఒకే బల్ల చుట్టూ చేరాం. సాయన్న బయట దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటే కాస్త ధైర్యంగా ఉంది.

అప్పుడు...

తలుపు స్ప్రింగు కిర్రుమంది. చాలా నెమ్మదిగా... కిర్ర్ర్... అని.

చూశాం. తలుపు దగ్గర ఎవరూ లేరు.

మళ్లీ బోర్డు వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. ఆరు అలాగే ఉంది... ఉంది... ఒక్కసారి ఆరిపోయినట్టయింది...

ఏడు.

మంజుల నా మోచేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి. గాంధారి దగ్గర తండా పిల్ల అది. అడవిలో ఒంటరిగా మేకలు కాసిన పిల్ల. అలాంటిది నా వెనక్కి జరిగింది.

చీకటి వైపు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. గర్ర్... ఆగింది. మళ్లీ కొంచెం... గర్ర్. మనిషి కూర్చునేటప్పుడు కుర్చీని సర్దుకుంటారు చూడండి... సరిగ్గా అలా.

తర్వాత కాగితం చప్పుడు. పుస్తకం పేజీ కాదు. పుస్తకం పేజీ చప్పుడు మాకు తెలియదా? ఇది పెద్ద కాగితం. న్యూస్‌పేపర్. గాలికి కొట్టుకున్నట్టు లేదు. ఒకసారి తిప్పడం... ఆగడం... చదివేంతసేపు ఆగడం... మళ్లీ తిప్పడం.

మంజుల ఒక్క ఉదుటున లేచింది. బ్యాగు భుజాన వేసుకుని తలుపు వైపు పరుగు. నేను ఎగిరి దాని చున్నీ పట్టుకున్నాను.

"కాలు బయట పెట్టినవంటే ఆరు అయితది! ఇంక మూడు నిమిషాలు! కూసో!"

"అక్కా, గక్కడ దయ్యమున్నదే! వదులు నన్ను!"

"దయ్యమైతే ఏంది? ఆడమనిషే గద! లెక్కల ఉన్నది. కూసో!"

నస్రీన్ పెదవులు దువా చదువుతూనే ఉన్నాయి. మధ్యలో ఆపి అడిగింది. "ఆడమనిషని నీకెట్ల తెల్సు అక్కా?"

"రాత్రిపూట మగోళ్లకు పర్మిషన్ లేదు గద" అన్నాను.

నిజంగా అన్నాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మా బల్ల దగ్గరిదేనా అని ఇప్పటికీ నాకు అనుమానం. అడిగితే ఐదుగురూ నేను కాదంటే నేను కాదన్నారు.

టింగ్.

పన్నెండు. ఏడు అనే అంకె కామారెడ్డికి పోయింది.

పోదామని ఎవరూ అనలేదు. చీకటిని దాటి పోవడానికి ధైర్యం లేకనో... గెలిచామన్న పొగరో... నాకు తెలియదు. పుస్తకం తెరిచి పైకే చదవడం మొదలుపెట్టాను. గ్రామసభ పాఠం. నా గొంతు నాకే కొత్తగా ఉంది. నేను చదువుతున్నంతసేపూ ఆ కాగితం చప్పుడు లేదు. ఎవరో వింటున్నట్టు... నేను ఆపితే మళ్లీ కాగితం తిరిగేది. ఆ పాఠంలో ప్రతి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పరీక్షలో ప్రశ్నలు అందులోంచే వచ్చాయి కూడా.

ఒంటిగంట దాటాక కరెంటు వచ్చింది. హాలంతా వెలుగు. ఆరుగురం ఒకేసారి తల తిప్పాం.

ఎవరూ లేరు. కిటికీ పక్కన ఒక్క కుర్చీ బయటికి లాగి ఉంది. ముందు బల్ల మీద ఆ రోజు పేపరు... నాలుగు మడతలు పెట్టి ఉంది. సాయంత్రం ఎవరైనా మడిచి పెట్టి ఉండవచ్చు. ఉండవచ్చు. నేను కాదనను.

ఐదు కాగానే బయలుదేరాం. మంజుల గడప దాటింది. బోర్డు మీద ఆరు. తర్వాత ఐదు. నాలుగు. మూడు. నస్రీన్ దాటింది, రెండు. నేను చివర. కళ్లు మూసుకుని కాలు బయట పెట్టాను. వెనక్కి తిరిగి చూశాను.

ఒకటి.

లోపల ఎవరూ లేరు. బోర్డు మీద ఒకటి.

సాయన్న కూడా చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను పేపరు మడతల సంగతి చెప్పాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

"నేను వాచ్‌మన్ గాకముందు గిక్కడ్నే అటెండర్ పని చేసిన బిడ్డా. అప్పట్ల ఆడోళ్లెవలు లోపలికి రాకపోయేది. ఒక అవ్వ ఉండె. బీడీలు చేసేది. రోజు పొద్దుమూకినంక ఆ కిటికీ బయట నిలవడేది. నేను పేపరును నాలుగు మడతలు వెట్టి ఊచల సందుల నుంచి ఇచ్చేటోన్ని. నిలవడే చదివేది. 'లోపలికొచ్చి కూసో అవ్వా' అంటే, 'అందరు మగోళ్లే ఉన్నరు బిడ్డా, ఎట్లొస్త' అనేది."

"ఇప్పుడు ఎక్కడున్నది?"

"ఏమో... ఒకనాటి సంది రాలే. ఎటు పోయిందో ఎవలు చెప్పలే."

సరే. నేను ఇంటికి పోయి పడుకోవచ్చు. ఏడు అని లెక్క పోయింది కదా. ఎవరడుగుతారు? కానీ రిజిస్టరులో ఆరు సంతకాలే ఉన్నాయి. తొమ్మిదింటికి లైబ్రేరియన్ మేడం రాగానే జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"ఎందుకు రేణుకా, కొరివితోని తల గోక్కుంటవ్? అంకె పోయింది గద" అంది మేడం.

"ఏడోది ఎవలో నాకు తెల్వది మేడం. తెల్వనిదాన్ని నా లెక్కల ఎట్ల కలుపుకుంట?"

ఏడుగురు ఉండాలని షరతు పెట్టిన కామారెడ్డి ఆఫీసు సారుకు మేడం ఫోన్ కలిపింది. నేనే మాట్లాడాను. ఆయన అంతా విన్నాడు. 'రాత్రి నేనే వస్త. రిజిస్టరు, బోర్డు, రెండూ చూస్త' అని పెట్టేశాడు.

అదే ముప్పయ్యో రాత్రి. ఆఖరిది.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. నా దగ్గర జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ అదే అడగడం. దయ్యం ఉందంటే కూతుళ్లను, కోడళ్లను ఎవరు పంపుతారు? ఏడుగురు కాదు కదా, నేనొక్కదాన్నే కూర్చుంటానేమో అనుకున్నాను. ఒక్కదాన్నయినా సరే కూర్చుంటానని మొండిగా తొమ్మిదింటికే వచ్చాను.

తొమ్మిదిన్నరకు సంధ్య వచ్చింది. జ్వరం తగ్గిన పిల్లవాడిని వాళ్ల అమ్మ దగ్గర వదిలి. తర్వాత నస్రీన్, దాని వెనక వాళ్ల అక్క, వాళ్ల వెనక వాళ్లమ్మ. ఆవిడ గడపలోనే అడిగింది, "దయ్యం ఏ కుర్చీల కూసున్నది? నాకు దాని పక్కన వెయ్యి" అని. మంజుల తండా నుంచి ఆటో నిండా ఆడవాళ్లను దింపింది. డిగ్రీ పిల్లలు వచ్చారు. బీడీలు చేసేవాళ్లు వచ్చారు. కొందరు చదవడానికి, కొందరు చూడటానికి. చూడటానికి వచ్చినవాళ్లకు కూడా నేను తలా ఒక పుస్తకం చేతిలో పెట్టాను. ఊరికే కూర్చోనిస్తానా?

కుర్చీలు చాలలేదు. పుస్తకాల పెట్టెల మీద కూర్చున్నారు. చెప్పొద్దూ, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతో.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు సారు వచ్చాడు. గడప బయటే ఆగిపోయాడు. "నేను లోపలికొస్తే లెక్క మారుతది" అన్నాడు. మేడం కూడా బయటే నిలబడి రిజిస్టరు చూసి పేర్లు చదివింది. ఒక్కొక్కరు చేయి ఎత్తారు. సారు వేలితో తలలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

తల ఎత్తి బోర్డు చూశాడు.

ముప్పై రెండు.

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు. ముప్పై రెండే. టింగ్ అంది. ఆయన రిజిస్టరు తీసుకుని సంతకం చేశాడు.

"ఏడుగురు కావాలన్న. ముప్పై ఒక్కరు వచ్చిండ్రు. ఇగ ఈ హాలు మూసేది లేదు. ఆ ఒక్కటి ఎక్కువెందుకొచ్చిందో... నన్నడగకుండ్రి."

అబ్బా, ఆ అరుపులు! ఆ చప్పట్లు! అర్ధరాత్రి లైబ్రరీలో ఈలలు వేశాం. నస్రీన్ వాళ్లమ్మ నన్ను ఎత్తినంత పని చేసింది.

నాలుగు రోజులకు ఆర్డరు వచ్చింది. అదిగో గోడకు అతికించి ఉందే, అదే. ఆ సాయంత్రమే బోర్డు మెకానిక్ కూడా వచ్చాడు. గుమ్మం పక్కన మూత విప్పి, లోపలి నుంచి సాలెగూడు తీసి చూపించాడు. "గిది అడ్డమొచ్చి తప్పు చూపిస్తుంటది అక్కా" అన్నాడు. అయి ఉంటుంది. సాలీడు కుర్చీ లాగుతుందా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి ఇరవై రెండు మంది వచ్చారు. పొద్దున ఐదుకు అందరినీ పంపి, చివర నేను గడప దాటాను. వెనక్కి తిరిగాను.

సున్నా.

ఆ ఇరవై తొమ్మిదో రాత్రి తర్వాత మొదటిసారి... సున్నా. పీడ పోయిందని సంతోషపడాలి కదా? కానీ ఎవరో మనవాళ్లు చెప్పకుండా వెళ్లిపోయినట్టు అనిపించింది. మళ్లీ లోపలికి వెళ్లాను. కిటికీ దాకా వెళ్లాను.

ఇది సాలెగూడు పనో, ఆ అవ్వో, మా ఆరుగురి భయమో నేను చెప్పలేను. చూసింది చెబుతాను. హాలు నిండా కుర్చీలు ఎక్కడివక్కడ అడ్డదిడ్డంగా ఉన్నాయి. 'వెళ్లేటప్పుడు కుర్చీ లోపలికి నెట్టండి' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది. మనం ఎవరమైనా ఏనాడైనా నెట్టామా?

కిటికీ పక్కన ఆ ఒక్క కుర్చీ మాత్రం... బల్ల కిందికి నెట్టి ఉంది.