హాజరు పలికి పలికి అలిసిపోయిన సర్వర్లు

మా కోడలు నిద్రపోయేటప్పుడు ఎడమ కన్ను ఒక్కటే మూస్తుంది. కుడి కన్ను తెరిచే ఉంటుంది. ఆ కంటితో, ఊరికి ఆ చివర తాళం వేసిన చల్లటి గదిలో ఉన్న సర్వర్లను గోడలు దాటి చూస్తూ ఉంటుంది. సరే, గోడలు దాటి అన్నది కాస్త ఎక్కువైంది. రెండు కళ్లూ మూస్తుందనే ఒప్పుకుందాం. కానీ ఫోను ఇంకా మోగకముందే ఉలిక్కిపడి లేచి కూర్చోవడం మాత్రం ఇంట్లో అందరూ చూసిందే.

ఆమె పనిచేసేది పార్సిళ్లు చేరవేసే కంపెనీలో. ఏ పెట్టె ఎక్కడుందో, ఏ వ్యాను ఎక్కిందో అంతా డేటాబేస్ సర్వర్లలో ఉంటుంది. వాటిలో జాగా నిండిపోతోందా, అడిగినదానికి చప్పున జవాబిస్తున్నాయా, నీరసపడుతున్నాయా అని కనిపెట్టి ఉండటమే కోడలి ఉద్యోగం. ఏ కాస్త తేడా వచ్చినా ఆమె ఫోనులో బాతు అరుస్తుంది. ఆ కూతను ఎంచుకున్నది తనే. అప్పట్లో సరదాగా ఉండేదట. ఇప్పుడు టీవీలో చెరువు కనిపించినా చానలు మార్చేస్తుంది.

అన్నం కలుపుకుంటే అరుపు. తలకు నూనె రాసుకుంటే అరుపు. "అమ్మాయ్, నీ బాతుకి మళ్లీ ఆకలేసినట్టుంది," అని అత్తగారు వంటింట్లోంచి కేకేస్తే, ఎంగిలి చేత్తోనే పరిగెత్తి చూసేది. తీరా చూస్తే సర్వరు నిక్షేపంలా ఉండేది.

ఇన్ని అరుపులకు మూలం మేనేజరు. ఎక్కడ ఏ చిన్న పొరపాటు జరిగినా ఆయన అందరినీ కూర్చోబెట్టి, చివర్లో ఒకే మాట అనేవాడు, ఇంకో కాపలా పెట్టమ్మా అని. కోడలు, తేడా వస్తే బాతును అరిపించే ఇంకో ప్రోగ్రాం రాసి పెట్టేది. పెట్టినదాన్ని తీయమన్న పాపాన ఏనాడూ ఎవరూ పోలేదు. అది చాలక ముందు హాల్లో గోడంత టీవీ తగిలించాడు. అందులో గళ్లుగళ్లుగా సర్వర్ల సంగతులు. క్షేమంగా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. వచ్చినవాళ్లు చూస్తుండగా అంకెలు టకటకా మారాలని ఆయన కోరిక. అందుకని ప్రతి సెకనుకూ కొత్త లెక్క తెచ్చేలా కోడలి చేతే రాయించాడు.

ఆ తర్వాత సర్వర్లు మందగించాయి. సరుకు ఎక్కించే చోట డ్రైవర్లు పెట్టె మీద స్కానరు ఆనించి, జవాబు కోసం దిక్కులు చూస్తూ నిలబడేవాళ్లు. కోడలు అటు వెళ్తే చాలు, మీ సర్వరుకి టీ ఇప్పించాలామ్మా, కాఫీ ఇప్పించాలా అని ఆటపట్టించేవాళ్లు. మేనేజరు ఇంకో నాలుగు కాపలాలు పెట్టించాడు. సర్వర్లు ఇంకాస్త మందగించాయి.

చివరికి ఆయన ఆమెను గదిలోకి పిలిచి, సోమవారానికి ఇది కుదుటపడకపోతే ఈ పని బయటి కంపెనీకి అప్పగించేస్తామని చెప్పాడు. అంటే కోడలు ఇంటికి. ఒకే ఒక్క సర్వరు మేనేజరు బల్ల కింద, ఆయన చెప్పుల పక్కన పడి ఉన్న రోజుల నుంచీ వాటిని సాకింది ఆమే. ముఖం ఎర్రబడింది.

సీటుకి వెళ్లి, ఈ క్షణాన సర్వరు ఎవరి పనిలో మునిగి ఉందో తెరిచి చూసింది. పార్సిళ్ల పని కనబడాలి. కనబడింది వేరు. బాగున్నావా, బాగున్నావా, బాగున్నావా అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. అన్నీ తను రాసిన కాపలాలే. టీవీలో ఒక్క గడి కోసం సర్వరు సెకనుకోసారి పార్సిళ్లన్నిటినీ మొదటి నుంచీ లెక్కపెడుతోంది. గంటంతా హాజరు పిలుస్తూనే ఉంటే క్లాసులో పాఠం ఎక్కడ సాగుతుంది? పాఠం సాగట్లేదని ఇంకోసారి హాజరు పిలవడమొకటి. నవ్వాలో తల బాదుకోవాలో ఆమెకు తెలియలేదు. తల బాదుకోవడమే న్యాయమనిపించింది.

మేనేజరు దగ్గరికి వెళ్లి, కాపలాలు చాలావరకు తీసేసి టీవీ ఆపేద్దామంది.

"జబ్బు చేసినప్పుడు ఎవరైనా థర్మామీటరు పారేస్తారామ్మా?" అన్నాడాయన.

"ఒకటైతే ఉంచుకోవచ్చు సార్. మనం రోగి నోట్లో నలభై పెట్టాం. వాడు మంచినీళ్లెలా తాగుతాడు?"

కాపలాల సంగతి నీ ఇష్టం, మునిగితే నువ్వే మునుగుతావన్నాడు. టీవీ మీద మాత్రం చెయ్యి వేయడానికి వీల్లేదు. సోమవారం పెద్ద కస్టమర్లు వస్తున్నారు.

శనివారం కోడలు ఒక్కో కాపలానూ తీసేసింది. జాగా నిండటం, జవాబు ఆలస్యం కావడం, రోజూ డేటాకి తీసే నకలు ఆగిపోవడం, ఈ మూడింటికీ మాత్రం ఉంచింది. టీవీ మీద చెయ్యి వేయలేదు. అన్ని గళ్లూ పచ్చగా ఉన్న క్షణం చూసి ఫొటో తీసి, సెకనుకోసారి లెక్కపెట్టడం ఆపించి, ఆ ఫొటోనే టీవీకి పంపించింది.

సోమవారం డ్రైవర్లకు టీ గ్లాసు కింద పెట్టే తీరిక లేదు. స్కానరు ఆనించడం ఆలస్యం, జవాబు వచ్చి పడుతోంది. ఫోను ఊరుకుంది. ఊరుకున్నందుకు కూడా కోడలు దాన్ని రెండుసార్లు తీసి చూసుకుంది. ముందు హాల్లో మేనేజరు టీవీ పక్కన నిలబడి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. అంతలో కస్టమర్లలో ఒకాయన అద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చాడు.

"ఏమండీ, ఈ అంకెలు కదలడం లేదేం?"

కోడలు పెదవి కొరుక్కుంది. మేనేజరు వెనక్కి తిరిగి ఒకసారి తెర వంక చూసి, ఛాతీ విరుచుకున్నాడు.

"అదేనండి మా గొప్ప. అంత నిలకడ."

వాళ్లు తలలూపారు. బయటి కంపెనీ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మేనేజరు ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆ ఫొటో ముందు కాసేపు నిలబడి, సంతృప్తిగా లోపలికి వెళ్తున్నాడని వినికిడి.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే కోడలు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు మావయ్యగారూ. నేను ఏ ఫొటో పెట్టలేదు. అసలు మా ఆఫీసు హాల్లో టీవీయే లేదు."