మోకాలిలో దాక్కున్నది

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా ఇంటి ముందుగదిలోనే బట్టలు కుడతాను. కుడి మోకాలు మార్పించుకుని ఏడాది దాటింది. హాయిగా మిషను తొక్కుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం ఆ మోకాలి మీద చెయ్యి పడితే వేడిగా తగిలింది. ఎడమది చల్లగా ఉంది.

"ఎండలకేలే, అలాగే ఉంటాది," అన్నాడు మా ఆయన.

వాపు కూడా వచ్చాక వీధి చివరి డాక్టరు ఆంటీబయాటిక్ రాశాడు. తగ్గింది. మాత్రలు అయిపోగానే మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాడు. ఎక్స్‌రే చూసి, "ఇంప్లాంట్ ఠిక్ ఆఛే, మాషీమా," అన్నాడు. లోపల పెట్టిన కీలు బాగానే ఉందట. లోపల మాత్రం సలుపుతూనే ఉంది.

చివరికి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాం. రక్తపరీక్షలో ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రెండూ ఎక్కువే. మోకాలిలోంచి సూదితో నీరు తీసి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్‌కి పంపారు. రిపోర్టులో "నో గ్రోత్" అని, అంటే ఏదీ పెరగలేదని వచ్చింది. నేను దండం పెట్టుకున్నాను. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"మీరు మందు మింగుతూ వచ్చారు. జర్మ్ లేదని కాదు, దొరకలేదు. ఇంప్లాంట్‌కి పొరలా అతుక్కుని దాక్కుంటుంది. మందు ఆపి మళ్లీ చూద్దాం," అంది బెంగాలీలో.

మా ఆయన తెలుగులోనే అడిగేశాడు: "కాలు తీసేత్తారేటమ్మా?"

ఆవిడకి అర్థం కాలేదు. నేను బెంగాలీలో చెప్పలేదు.

మందు ఆపిన ఆ రోజులు నన్నింకా వదల్లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఇది నాకా, లోపలున్నదానికా అనిపించేది. మనవరాలు ఒళ్లోకి ఎక్కబోతే తోసేశాను. అంటుకుంటుందని కాదు. నా ఒళ్లు నాదిలా లేదు.

రెండోసారి తీసిన నీటిని కల్చర్‌లో ఎక్కువ రోజులు ఉంచారు. ఈసారి దొరికింది. మన చర్మం మీద మామూలుగా ఉండే క్రిమేనట. విన్నాక నాకు ఏడుపు రాలేదు, ఊపిరి వచ్చింది.

ఇంప్లాంట్ తీసేసి, ఆ ఖాళీలో తాత్కాలికంగా మందు కలిపిన సిమెంట్ దిమ్మ, స్పేసర్ అంటారు, అది పెట్టారు. కొత్తది పెట్టేలోగా సీఆర్‌పీ మళ్లీ పెరిగింది. ఆపరేషన్ వాయిదా పడింది. "ఇంకా ఉన్నావేటే?" అని మా ఆయన నా మోకాలినే అడిగేవాడు. నవ్వించడానికే. ఇద్దరికీ నవ్వు వచ్చేది కాదు.

సీఆర్‌పీ దిగాకే కొత్తది పెట్టారు. ఇప్పుడు ఆ కొత్త మోకాలితో, కర్ర పట్టుకుని బజారుకి వెళ్తున్నాను. మిషనుకి మోటారు పెట్టించాం. డాక్టరమ్మ "ఇన్ఫెక్షన్ క్లియర్" అంది. "నో గ్రోత్" కూడా ఒకప్పుడు అలాంటి మంచిమాటే కదా. పూర్తిగా నమ్మడం నాకింకా చేతకావడం లేదు.

కీలు మార్పించుకున్నవాళ్లకి ఒక్క మాట. అక్కడ కొత్తగా వాపో నొప్పో వస్తే నేరుగా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే పోండి. నీరు తీసి పరీక్షించాలేమో అడగకుండా ఆంటీబయాటిక్ మొదలెట్టకండి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. ఏం మింగారో, ఎప్పటిదాకా మింగారో, డాక్టరు అడక్కముందే చెప్పండి.