మరియమ్మ చేతుల వాసన

ఇన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఒక్కటే మాట, అదీ నేను అన్నదే. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా దాని జోలికి పోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ ముందు నోరు విప్పుతున్నాను. మంచివాణ్ని కాబట్టి చెబుతున్నాననుకోకండి. మోయలేక దించుకుంటున్నాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గద్వాలలో ఒక కాఫీ గింజలు వేయించే కంపెనీ ఉండేది. పేరు చెప్పను. యజమానురాలు మా ఊరి ఆడపడుచే. హైదరాబాదులో స్థిరపడి అక్కడి పెద్ద హోటళ్లకు ఖరీదైన కాఫీ అమ్మేది. మేమంతా మేడం అనేవాళ్లం. చిక్కమగళూరు నుంచి రాయచూరు మీదుగా పచ్చి గింజల బస్తాలు లారీలో దిగేవి. గద్వాలలో కాఫీ ఏందని ఊరంతా నవ్వింది. మా దగ్గర చాయ్ తప్ప ఇంకోటి ఎవరు తాగుతారు? కానీ ఆమె ఆలోచన వేరు. పుట్టిన ఊళ్లో నలుగురికి పని దొరకాలి, అదీ ఎవరికీ పట్టనివాళ్లకు దొరకాలి అనేది. ఊరి చివరి వాడలోని ఆడవాళ్లను గింజలేరే పనికి పెట్టుకుంది. చర్చికి పోయే కూలి కుటుంబాలవి, ఏటా మూటలు కట్టుకుని వలసపోయేవాళ్లు. ఒకే షరతు పెట్టింది: పనికొచ్చే తల్లి తన కూతుర్ని పత్తి చేలకు పంపకూడదు, బడికి పంపాలి.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఇక్కడ విత్తనాల కోసం పండించే పత్తిలో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి. దానికి ఆడపిల్లల వేళ్లయితేనే నయమంటారు రైతులు. పురుగుమందు కొట్టిన చేలో పిల్లలు పొద్దంతా నిలబడతారు. మేడం షరతు ఆ పిల్లల కోసమే.

నేను ఆ కంపెనీ గోదాము చూసుకునేవాణ్ని. మొదటిరోజే మేడం నాకొక పాఠం చెప్పింది. పచ్చి కాఫీ గింజ పక్కన ఏముంటే దాని వాసన పీల్చేసుకుంటుంది, కాబట్టి గోదాములో బస్తాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఒక వానాకాలం మా బామ్మర్ది వచ్చాడు. అతనిది విత్తన పత్తి సేద్యం. పురుగుమందు డబ్బాలు తెచ్చి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కొన్నాళ్లు నీ గోదాములో పెట్టుకో బావా అన్నాడు. మేడం చెప్పిన పాఠం నేను మరిచిపోయానా? లేదు. కాదంటే ఇంట్లో మాట పడాలి, తాళంచెవి ఎలాగూ నా దగ్గరే ఉంది, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. బస్తాల వెనక పెట్టించాను. అతను వాటిని తీసుకుపోయే రోజున చూస్తే ఒక డబ్బా కారి ఉంది. నేల నేనే కడిగాను. వాసన పోయిందనుకున్నాను.

కొన్నాళ్లకు మేడం వచ్చింది. వేయించిన ప్రతి వాయీ ఆమె రుచి చూశాకే బయటికి పోవాలి. ఒక గుటక నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఇంకో వాయి కాచి తెచ్చాను. అదీ ఉమ్మేసింది. గోదాములో ఏం పెట్టావని అడిగింది. అనుమానంతో కాదు, ఊరికే అడిగింది. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా నోట్లోంచి మాట తన్నుకొచ్చింది. ఆ ఆడవాళ్లు ఎండుచేపల కూర తెచ్చుకుంటారు, వానకు బస్తాల పక్కనే కూర్చుని తింటారు అన్నాను.

అబద్ధం. ఎంత వానైనా వాళ్లు బయట వసారాలోనే తినేవాళ్లు. చేతులు కడుక్కోనిదే లోపలికి అడుగు పెట్టేవాళ్లు కారు. వాళ్లలో పెద్దది మరియమ్మ. కడుక్కోకుండా ఎవరైనా లోపలికి వస్తే ఆమే కేకలేసేది.

మేడం మంచి మనిషి. ఇకమీదట చేపలు తేవద్దని చెప్పు, చాలు అంది. అక్కడితో అయిపోవాలి. కానీ ఇంటికి పోతుంటే దారిలో ఒక సంగతి తట్టింది. చేపలు మానేసినా వాసన పోదు. మిగిలిన బస్తాల్లో ఉన్నది పురుగుమందు వాసన. వచ్చేసారీ మేడం ఉమ్మేస్తుంది, అప్పుడు చెప్పుకోవడానికి చేపలు కూడా ఉండవు, ఇక మిగిలేది నేనే. నా అబద్ధం నిలబడాలంటే ఆ బస్తాలు పోవాలి. వాటితోపాటు ఆ ఆడవాళ్లూ పోవాలి.

మర్నాడు మేడం కారెక్కబోతుంటే దగ్గరికి వెళ్లాను.

"తిండి ఒక్కటే కాదు మేడం. వాళ్ల చేతులల్లనే ఉంటది ఆ వాసన. ఎంత కడిగినా పోదు. వాళ్లు ముట్టిన బస్తాలన్నీ ఖరాబైనట్టే."

కులం పేరు నేనెత్తలేదు. ఎత్తాల్సిన అవసరమే రాలేదు. అంత చదువుకున్న మనిషి, "గంతేనంటవా?" అంది. గింజలు వేయించే మిషను దగ్గరివాడు తలూపాడు. డ్రైవరూ తలూపాడు. అది తప్పని ఒక్కరు అనలేదు. ముందునుంచీ అందరి బుర్రల్లో ఉన్నదాన్నే నేను బయటికి తీశానా? కష్టపడి అల్లాల్సిన పని కూడా లేకుండా దొరికిన అబద్ధం. నా అదృష్టం అనుకున్నాను అప్పుడు. అవును, అలాగే అనుకున్నాను.

వాడ ఆడవాళ్లందరినీ పని మాన్పించారు. ఆ బస్తాలను గుంత తీసి పూడ్పించారు. వేరే వీధి ఆడవాళ్లు వచ్చారు, కొత్త బస్తాలు వచ్చాయి, కాఫీ బాగుపడింది. నా మాటే రుజువైంది. మేడం నా జాగ్రత్తను మెచ్చుకుంది కూడా. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఆ మెప్పు పుచ్చుకున్నాను.

తరువాత ఒక పొద్దున మరియమ్మ గోదాము గేటు దగ్గరికి వచ్చింది. తగాదాకు వచ్చిందనుకున్నాను. తగాదాకైనా రావలసింది.

"సారూ, కుంకుడుకాయలతోని కడిగిన. బూడిద పెట్టి రుద్దిన. ఇంట్ల చేపలు వండుడే బంద్ జేసిన. జర వాసన సూడుండ్రి. ఇంకా వస్తున్నదా?"

రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. రుద్ది రుద్ది వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఉంది.

"నా వల్లనే గిట్లయిందని వాడల అందరు తిడుతుండ్రు. నిజమేనేమో సారు, చేపలు మస్తుగ తెచ్చేది నేనే. నన్ను తీసేయుండ్రి. వాళ్లనన్న పెట్టుకోండ్రి. నా బిడ్డ రూతు బడి ఇడిసిపెట్టేటట్టుంది సారు."

ఆమె నన్ను అనుమానించలేదు. నమ్మింది. తన చేతులే పాపం చేశాయని నమ్మి వచ్చింది. నేను వంగి వాసన చూశాను. కుంకుడుకాయ వాసన తప్ప ఏమీ లేదు.

"వస్తున్నది," అన్నాను.

నేను మోస్తున్న మాట ఇదే.

"ఔనా సారు," అంది. చేతులు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి పిలవగలిగేవాణ్నే. గేటు దాటేదాకా చూస్తూనే ఉన్నాను. ఎందుకు పిలవలేదు? ఉద్యోగం పోతుందనా? అదొక్కటే అయితే ఇంత కుమిలేవాణ్ని కాదేమో. ఆమె నమ్మేసింది కదా, ఇక గండం గడిచింది అని లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

రూతు బడి మానేసింది. మా బామ్మర్ది పత్తి చేలోనే పనికి కుదిరింది. నేను అటు పోయినప్పుడు నమస్తే సారు అనేది. గోదాములో కారిన మందే ఆ చేలో కొట్టేవాళ్లు. ఆ పంటకాలంలోనే చేలో కళ్లు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకుపోయారు. బతికింది. బడికి మాత్రం మళ్లీ పోలేదు.

కంపెనీ తరువాత మూతపడింది. మేడం ఇప్పటికీ నన్ను నిజాయితీపరుడనే అనుకుంటుంది. మరియమ్మ ఇదే ఊళ్లో ఉంది. మొన్న కూరగాయల బజారులో ఎదురుపడింది, జుట్టు నెరిసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. నన్ను చూడగానే ఆమె చేతులు కొంగులోకి పోయాయి. నేను పక్కకు తప్పుకుని వెళ్లిపోయాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. దీన్ని క్షమించే హక్కు మీది కాదు, అందుకే అడగను. బరువు కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు. అయినా ఒక్కసారి తిన్నగా చెప్పనివ్వండి. మరియమ్మ చేతుల్లో ఏ వాసనా లేదు. ఆ రోజూ లేదు.