ముసలమ్మ వాటా బిస్కెట్లు

గుండె ఆపరేషన్ అయ్యాక నన్ను నాగపూర్ నుంచి ఇంటికి తెచ్చింది మే నెల మొదటి వారంలో. చంద్రపూర్‌లో మంచం పట్టడానికి అంతకంటే చెడ్డ నెల లేదు. కూలర్ ముందు పడుకోబెట్టి, లేవొద్దన్నారు. నేను దక్కుతానో లేదోనని ఇంట్లో అందరికీ భయమే. పదిహేనేళ్ల నా మనవరాలికి, మా కూతురి బిడ్డకు, ఆ భయం మరీ ఎక్కువ. కాస్త ఎక్కువసేపు నిద్రపోతే నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

నాకు పొద్దుపోవాలని తన కథల పుస్తకాలు చెప్పడం మొదలుపెట్టింది. అవి ఇంగ్లీషువి, ఆరు భాగాలు. దానికి తెలుగు చదవడం రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఒక పేజీ లోపల చదువుకుని, తలెత్తి, మన మాటల్లో చెప్పేది. ఏదో జబ్బు వచ్చి ఊరంతా చచ్చిపోతారు. చచ్చినవాళ్లు లేచి బతికినవాళ్లను కరుస్తారు. వాళ్లను జాంబీలంటారట. ఒక బడిలో ఐదుగురు దాక్కుంటారు: ఒక పిల్ల, ఆమె తమ్ముడు, ఇద్దరు స్నేహితులు, అక్కడ వంట చేసే ముసలమ్మ.

శవాలు లేచాయంటే నేను నమ్మేశాను. నా పట్టింపంతా వాళ్ల తిండి మీదే. మా ఆయన సాస్తి గనిలో పనిచేసే రోజుల్లో, సమ్మె నెలల్లో కూడా, ఉన్న బియ్యం ఇంటిల్లిపాదికీ సరిపెట్టినదాన్ని. ఎవరు ఏం తిన్నారో, ఎంత మిగిలిందో తేలందే కథ ముందుకు పోనిచ్చేదాన్ని కాదు.

"జాంబీ తలుపు పగలగొడ్తుంటే నువ్వు పప్పు సంగతి అడుగుతవేంది అమ్మమ్మా!"

"తలుపు పగిలితే సస్తరు, పప్పు ఒడిసినా సస్తరు. చెప్పు."

మధ్యాహ్నం దగ్గరి గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు అదిరేవి. ఇద్దరం ఉలిక్కిపడి, నవ్వుకునేవాళ్లం. ఇప్పుడది నాగపూర్‌లో చదువుకుంటోంది. రోజూ ఫోన్ చేస్తుంది కానీ, ఆ మధ్యాహ్నాల తీరిక మాకు మళ్లీ దొరకలేదు.

నాలుగో భాగంలో వాళ్లకు ఒక దుకాణంలో పన్నెండు బిస్కెట్లు దొరికాయి.

"మనిషికి మూడు పంచుకున్నరు," అంది.

"ఐదుగురికి మూడేసి ఎట్లొస్తయే? ముసలమ్మకేది?"

అది పుస్తకంలోకి చూసింది. "ఆమెకు... షుగర్ ఉన్నది."

"మూడు పుస్తకాల నుంచి లేని షుగర్ ఇయ్యాల్నే వచ్చిందా?"

నవ్వుతుందనుకున్నాను. పుస్తకం మూసి, నా కొంగులో ముఖం దాచుకుంది.

"ఆమె రెండో పుస్తకంలనే పోయింది అమ్మమ్మా. జాంబీ కొరికింది. నేనే పోనియ్యలే."

ఆ తర్వాత ముసలమ్మ మాట్లాడిన ప్రతి మాటా, వండిన ప్రతి వంటా నా మనవరాలు అల్లినవే. దాని తల నిమురుతూ ఉండిపోయాను.

"బతికించినవ్, మంచిగైంది," అన్నాను చివరికి. "గంత కష్టపడి బతికించి ఉపాసం పెడ్తవా? మనిషికి రెండియ్యి. మిగిలిన రెండు దాచిపెట్టు."

"పుస్తకంల మూడని ఉన్నది గద?"

"రాసినోళ్లకు నలుగురే. మనకు ఐదుగురు."

కళ్లు తుడుచుకుని మళ్లీ పంచింది. అప్పటినుంచి ప్రతి పంపకంలోనూ మిగతా నలుగురికీ కాస్త కోత పెట్టి ముసలమ్మకు వాటా తీశాం.

ఆఖరి భాగంలో వాళ్లు ఒక నది దాటాలి. వెనక శవాలు తరుముతున్నాయి. ముసలమ్మను ఎవరు ఎత్తుకోవాలో తేలక మనవరాలు ఆగింది.

"ఎవ్వరొద్దు," అన్నాను, మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంటూ. "మెల్లగ నడుస్తది. ముందు నీళ్లెంత లోతున్నయో చెప్పు."