కౌజు పిట్టలు తోలిన రోజు

ఈ అరబ్బు దేశంలో, రిఫా అనే ఊళ్ళో నేను వంట చేసే ఇంటివాళ్ళకి ఊరు దాటాక దక్షిణం వైపు ఒక తోట ఉండేది. కొన్ని ఖర్జూరం చెట్లు, ఒక గడ్డి మడి, మిగతాదంతా ఇసుకలో ముళ్ళ పొదలు. చుట్టూ ఎత్తయిన గోడ. సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదీ అక్కడికి వెళితే వాళ్ళ వెంట నేనూ నా గిన్నెలూ వెళ్ళేవాళ్ళం.

ఆ తోట చూసుకునే ఆయనది జగిత్యాల వైపు పల్లెటూరు. నాది కోనసీమ. ఆ ఇంటి పనివాళ్ళలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆయన నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. మొదట్లో మా ఇద్దరికీ ఒకరి తెలుగు ఒకరికి నవ్వొచ్చేది. ఆయన వయసులో నాకన్నా చాలా పెద్ద. జుట్టు నెరిసింది కానీ ఎండలో ఎంత పనైనా చేసేవాడు.

ఒక ఎండాకాలం ఊళ్ళో ఆయన భార్య చనిపోయింది. జ్వరమని ఫోను వచ్చింది, కాగితాలు కదిలి విమానం ఎక్కేలోపే అంతా అయిపోయింది. వెళ్ళి కర్మకాండ ముగించుకుని తిరిగొచ్చాడు. వచ్చాక మాట పడిపోయినట్టే అయిపోయాడు. నేను అన్నం గిన్నె చేతికిస్తే తీసుకునేవాడు, మళ్ళీ వెళ్ళేసరికి అది సగం అలాగే ఎండిపోయి ఉండేది. "ఏంటన్నయ్యా ఇలాగైతే? మనిషివి ఉంటావా?" అని కోప్పడ్డాను కూడా. తలూపేవాడు, అంతే.

ఎండలు తగ్గుతుండగా మా యజమాని ఆ తోటకి అట్టపెట్టెల్లో పిట్ట పిల్లల్ని తెప్పించాడు. ఇంట్లో పనివాళ్ళమంతా యజమానిని బాబా అంటాం. మంచివాడే, మా మీద చెయ్యెత్తిన మనిషి కాదు. తనకి వేట సరదా. బయట పక్షుల్ని కొట్టకూడదు కాబట్టి కొని తెచ్చిన పిల్లల్ని గోడ లోపల పెంచి, చలికాలంలో స్నేహితుల్ని పిలిచి వేట పెట్టాలని అనుకున్నాడు. వాటిని పెంచే పని అన్నయ్యకి అప్పగించాడు.

నేను మొదటిసారి చూసినప్పుడు అవి వలలోపల ఇసుకలో గుంటలు చేసుకుని పొర్లుతున్నాయి. బూడిద రంగు మీద సన్నటి గీతలు, ఎర్రటి కాళ్ళు.

"కోడిపిల్లలేంటన్నయ్యా ఇలాగున్నాయి?" అన్నాను.

"కోళ్ళు గావు చెల్లె, కౌజులు," అన్నాడు. "మా దిక్కు చెలకలల్ల ఉంటయి. గివి జర వేరే తీరున్నయి గని, జాతి అదే."

నెలల తర్వాత ఆయన నోటి నుంచి అన్ని మాటలు రావడం అదే మొదటిసారి. నేను పొయ్యి మీద గిన్నె సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

తర్వాత ప్రతి సెలవు రోజూ వాటి కబుర్లే. ఒకదానికి కాలి వేలు వంకర, అది మిగతావాటిని తిననివ్వదట. ఇంకోటి భుజమెక్కి కూర్చుంటుందట. మేత వేసేటప్పుడు పాత నెయ్యి డబ్బా మీద పుల్లతో టకటకమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినబడితే చాలు, పొదల కింద ఎక్కడున్నా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ చుట్టూ మూగేవి. కాస్త పెద్దవయ్యాక వల తీసేశాడు. అయినా ఆ డబ్బా చప్పుడుకి వచ్చేవి. అన్నం గిన్నె ఇప్పుడు ఖాళీగా తిరిగొచ్చేది.

నాకే లోపల బెంగగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇవన్నీ వేటకేనని తెలుసు కదన్నయ్యా?"

"ఎరికే గద," అన్నాడు, చేతిలో గింజలు రాలుస్తూ. "ఎరికైనా గని, పొద్దుగాల లేస్తే గివే యాదికొస్తయి. ఏంజెయ్యాలె?"

ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా చర్చి కూడికా ఆ రోజే, కానీ వేట పెట్టిన శుక్రవారం నేను వెళ్ళలేదు. తెల్లారకముందే మసాలాలు, బియ్యం, పెద్ద దేగిసాలు కారులో వేసుకుని తోటకి చేరాం. అతిథులకి మచ్‌బూస్ వండాలి. మన బిర్యానీ లాంటిదే, మాంసం ఉడికిన నీళ్ళలోనే బియ్యం పోస్తారు. నా పొయ్యి కాస్త మెరక మీద, తుపాకుల వాళ్ళ వెనకాల ఉంది. అందుకే జరిగిందంతా నా కళ్ళతో చూశాను.

బాబా, ఆయన స్నేహితులు ఖర్జూరం చెట్ల ముందు వరసగా నిలబడ్డారు. తోటకి అవతలి గోడ దగ్గర పనివాళ్ళని, అన్నయ్యతో సహా, ఇంకో వరసగా నిలబెట్టారు. వాళ్ళు అరుచుకుంటూ, చప్పుడు చేసుకుంటూ పొదల్లోంచి నడిచి రావాలి. బెదిరిన పిట్టలు లేచి తుపాకుల మీదుగా ఎగరాలి. అదీ ఏర్పాటు. చప్పుడు చెయ్యడానికి ఎవరో నా వంటసామాను లోంచి ఖాళీ డబ్బాలు ఏరుకుపోయి తలా ఒకటి ఇచ్చారు. అప్పుడు నాకేమీ తట్టలేదు.

మొదటిసారి అరుపులకి బెదిరి కొన్ని లేచాయి. తుపాకులు మోగాయి. పిట్టలు గాలిలోనే ముడుచుకుని ఇసుకలో పడ్డాయి. ఉర్దూ తప్ప రాని మా హైదరాబాదు డ్రైవరు భాయ్, ప్రాణం పోకముందే హలాల్ చెయ్యాలని, దేవుడి పేరు చెప్పుకుంటూ కత్తి పట్టుకుని వాటి దగ్గరకి పరిగెత్తాడు. అతిథులు భుజాలు తట్టుకున్నారు.

"యల్లా!" అని, ఇక కానివ్వమన్నట్టు బాబా చెయ్యి ఊపాడు. రెండోసారి మొదలైంది.

ఈసారి అరిచి అరిచి గొంతులు పోయాయేమో, పనివాళ్ళు డబ్బాలే గట్టిగా వాయించారు. పిట్టలు ఎగరలేదు. పొదల కింద నుంచి బయటికి వచ్చి, తుపాకుల వైపు కాకుండా వెనక్కి, ఆ డబ్బాల వైపు పరుగు తీశాయి. వరసలో ఎవరి కాళ్ళ దగ్గరకో వెళ్ళి, తల ఎత్తి చూసి, అక్కడి నుంచి ఇంకొకరి దగ్గరకి, చివరికి అన్నయ్య దగ్గరకి చేరాయి. అన్నయ్య తన డబ్బా ఎప్పుడు కింద పడేశాడో నేను చూడలేదు. "కొట్టకుండ్రి! భాయ్, బస్ కరో!" అని రెండు చేతులూ ఊపుతున్నాడు. ఎవరికీ వినబడలేదు.

అతిథుల్లో నవ్వులు లేచాయి. బాబా మొహం ఎర్రబడింది. స్నేహితుల ముందు పరువు పోయినట్టయింది ఆయనకి. పిట్టల్ని పట్టుకుని పైకి విసరమని ఉన్నచోటు నుంచే అన్నయ్యకి అరిచి చెప్పాడు.

అన్నయ్య వంగి ఒకదాన్ని రెండు చేతుల్లో తీసుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని, పైకి విసిరాడు. అది నాలుగు బారలు ఎగిరి, తిరిగి ఆయన ముందే వాలింది. మళ్ళీ నవ్వారు. ఇంకోదాన్ని ఎత్తాడు. దాన్ని మాత్రం విసరలేకపోయాడు. ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. అప్పుడే ఓపిక పట్టలేని ఒక అతిథి, నేల మీద పరిగెత్తుతున్న పిట్టకి గురిపెట్టి పేల్చాడు. అన్నయ్యకి రెండడుగుల దూరంలో ఇసుక చిమ్మింది. చేతిలో గరిటె వదిలేసి "ప్రభువా!" అని కేక పెట్టాను.

"ఖలాస్!" అని బాబా అంతకన్నా గట్టిగా అరిచి, ఆ అతిథి తుపాకీ గొట్టాన్ని చేత్తో కిందికి నొక్కేశాడు. వేట అక్కడితో ఆగిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

వంట మాత్రం ఆగలేదు. పడిన పిట్టలన్నీ నా ముందు కుప్పగా పోశారు. ఈకలు పీకడానికి మనిషి కావాలంటే అన్నయ్యనే పంపారు. నా ఎదురుగా గొంతుక్కూర్చుని పీకడం మొదలుపెట్టాడు.

"నువ్వెళ్ళన్నయ్యా, నేను చేసుకుంటాను," అన్నాను.

"ఒక్కదానివి ఎంతసేపని చేస్తవ్ చెల్లె," అన్నాడు. వేలు వంకరగా ఉన్న కాలు ఒకటి చేతికి వచ్చింది. దాన్ని బొటనవేలితో కాస్త నిమిరి, పక్కన పెట్టకుండా అదీ పీకాడు. ఆయన ఏడవలేదు. నేనే పొగ వంకతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

భోజనాలప్పుడు బాబా తన పళ్ళెంలోంచి అన్నం, ఒక పిట్ట వేరే పళ్ళెంలోకి తీసి, స్వయంగా తెచ్చి అన్నయ్య ముందు పెట్టాడు. తనకి చేతనైన విధంగా ఓదార్చాడు అనుకుంటాను. అన్నయ్య దణ్ణం పెట్టి, పళ్ళెం మా డ్రైవరు భాయ్ వైపు జరిపాడు.

మిగిలిన పిట్టల్ని ఇక ఎవరూ కొట్టరని, పెంచుకోమని బాబా చెప్పాడు. కానీ అన్నయ్య మేత చల్లి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాడు. కొన్నిటిని గోడ దాటి వచ్చిన పిల్లులు పట్టుకుపోయాయి, కొన్ని ఎటో పోయాయి. ఎండలు ముదరకముందే ఇంకో చోట పని చూసుకుంటానని అడిగాడు. బాబా అడ్డు చెప్పకుండా, పనిలోంచి వదిలేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఏడాది తర్వాత మామాతో, అంటే మా యజమానురాలితో, సీఫ్‌లో పెద్ద మాల్‌కి వెళ్ళినప్పుడు, నీలం యూనిఫాంలో నేల తుడుస్తూ కనబడ్డాడు. చిక్కిపోయాడు. మామా బట్టల కొట్టులో ఉంది కదా అని నిలబడి మాట్లాడాను.

"ఎలాగుందన్నయ్యా ఇక్కడ?"

"మంచిగనే ఉన్నది. సల్లగ ఉంటది. పొద్దంత గీ రాయి తుడుసుడే," అని చుట్టూ చూశాడు. "పానమున్నది ఏదీ లేదు గద ఈడ. గంతే మంచిది."

ఏమన్నా తింటున్నావా అని అడిగాను. తింటున్నానన్నాడు. సూపర్‌వైజర్ అటు రావడం చూసి, "ఉంట చెల్లె," అని బకెట్టు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాల్‌కి వెళ్ళిన ప్రతిసారీ వెతికాను. వేరే మనుషులు కనబడ్డారు. ఆయన ఊరికి వెళ్ళాడో, ఇంకెక్కడికన్నా మారాడో నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.